నీరు కొట్టిన గండి, మనిషి కొట్టిన గండి

హిమాలయాల దాకా పోకుండానే లోయలో నడవొచ్చు. ఢిల్లీని ఆనుకున్న ఆరావళి గుట్టల్లో వాగు జాడ పట్టుకుని మూడు ఆదివారాలు నడిస్తే కనిపించినవి, కనిపించకుండా పోయినవి.

శుక్రవారం రాత్రి కశ్మీరీ గేట్ బస్టాండులో ఓ అరగంట నిలబడి చూడండి. వీపున పెద్ద సంచులు, కాళ్లకు కొండలెక్కే బూట్లు, చేతిలో ఫోన్లు. మనాలీ బస్సు ఎక్కడ, రిషీకేశ్ బస్సు ఎప్పుడు అని అడిగే గుంపుల్లో "ఒరేయ్, చార్జర్ తెచ్చావా?" అన్న కేకా వినబడుతుంది. గురుగ్రామ్, నోయిడా ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలే. రాత్రంతా కూర్చుని ప్రయాణం, శనివారం ట్రాఫిక్‌లో సగం రోజు, నది ఒడ్డున నాలుగు ఫొటోలు, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు, సోమవారం ఆఫీసులో కునికిపాట్లు. నేనూ ఎనిమిదేళ్లు ఇదే చేశాను.

ఆ మధ్య ఓ డిసెంబరులో మంచు వల్ల బస్సు కదల్లేదు. ఇంటికి తిరిగొచ్చి మర్నాడు నాకు తెలిసిన మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన నలభై ఏళ్ల నుంచి ఆర్కే పురంలో ఉంటున్నారు. సొంతూరు కడప జిల్లా. "గండిలో నడవాలంటే అంత దూరం దేనికయ్యా? రేపు పొద్దున్నే కారు తీసుకుని రా. పులిహోర మా ఇంట్లో చేయిస్తాను" అన్నారు.

గండి. ఆ మాట విని చాలాకాలమైంది. కొండను నీరు కోసుకుంటూ పోయిన ఇరుకు దారికి మన సీమలో ఉన్న పేరు అదే. ఎర్రమల కొండల్ని పెన్న చీల్చిన చోట గండికోట. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండల మధ్య నుంచి బయటపడే చోటుకి ఏకంగా గండి అనే పేరు. అక్కడ ఆంజనేయస్వామి వెలిశాడు. గోదావరికి పాపికొండలున్నాయి. తెలుగువాడికి గండి అంటే పేరున్న నది, ఎత్తయిన కొండ. ఢిల్లీలో గండి అంటే నమ్మబుద్ధి కాలేదు.

మొదటి ఆదివారం: మంగర్

గురుగ్రామ్ నుంచి ఫరీదాబాద్ వెళ్లే రోడ్డు మీద ముందు కొండ కనబడదు, కంపు తెలుస్తుంది. బంధ్వారీ దగ్గర రెండు నగరాల చెత్త కలిసి పెరిగిన గుట్ట ఉంది. అద్దాలు ఎత్తుకుని దాన్ని దాటి, మంగర్ ఊరి వైపు మలుపు తిరిగాం. మాతో గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడొకడు వచ్చాడు. విజయవాడ కుర్రాడు, కృష్ణమ్మను చూస్తూ పెరిగినవాడు. ఊరు దాటి, ఒక వాలు దిగి, చెట్ల కిందికి వెళ్లాక చుట్టూ చూసి అడిగాడు.

"అన్నా, లోయ అన్నావు, నీళ్లేవి?"

జవాబు మాస్టారు చెప్పారు. "పెన్న ఎండితే గండికోట గండి కాకుండా పోతుందా నాయనా? వాన పడ్డప్పుడు వస్తాయి. వచ్చినప్పుడు వాటికి దారి ఉందా లేదా అన్నదే లెక్క."

మంగర్ లోయ అడుగున ఉన్నది వానకాలపు వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక, గులకరాళ్లు, ఎండుటాకులు. రెండు పక్కలా గుట్టలు దగ్గరకు వచ్చే చోట వాగు పరుపుబండల మీదుగా మెట్లు మెట్లుగా దిగుతుంది. కాలిబాట ఒకసారి వాగులోనే పోతుంది, ఒకసారి గట్టెక్కుతుంది. కష్టమైన ఎక్కుడు కాదు గానీ బండల మీద రాలిన రాతిముక్కలు కాలు జారుస్తాయి. ఒక మలుపులో మాస్టారు ఆగి, చేతికర్రతో బండను తట్టి చూపించారు. రాతి మీద సన్నటి గీతలు, వరసగా, నీటి అంచున ఇసుక మీద అలలు గీసినట్టే.

"తిరుమలలో శిలాతోరణం చూశావు కదా. ఇదీ ఆ జాతి రాయే."

క్వార్ట్‌జైట్ అంటారు దీన్ని. నీళ్ల అడుగున పేరుకున్న ఇసుక, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి రాయైంది. గండికోట గోడల్లో ఉన్నదీ, తిరుమల కొండ పైభాగాన ఉన్నదీ ఈ కోవకు చెందినదే. పుట్టుక వేరు, గుణం ఒకటి. ఆరావళి వయసు వంద కోట్ల ఏళ్లు దాటింది. దాని ముందు ఐదు కోట్ల ఏళ్ల హిమాలయం పసిబిడ్డ. గుజరాత్ అంచు నుంచి రాజస్థాన్, హర్యానా మీదుగా ఢిల్లీ దాకా దాదాపు 690 కిలోమీటర్లు సాగే ఈ వరసలో అబూ పర్వతం మీది గురుశిఖరం 1,722 మీటర్ల ఎత్తుంటుంది. ఉత్తరానికి వచ్చేకొద్దీ అరిగి అరిగి ఢిల్లీ చేరేసరికి గుట్టలుగా మిగిలింది. రాష్ట్రపతి భవన్ నిలబడిన రైసీనా దిబ్బ కూడా ఈ కొండ తోకే.

లోపలికి పోయేకొద్దీ చలి పెరిగింది. నెమలి అరుపు, ఎక్కడో కౌజుపిట్టల గోల. బాట పక్కన గుబురుగా అడ్డసరం. చిన్నప్పుడు దగ్గుకు అమ్మమ్మ కాచి పోసిన చేదు ఒక్కసారి నాలుక మీదికి వచ్చింది. అక్కడక్కడా మోదుగ. కానీ ఈ లోయకు రాజు మాత్రం ధౌ అనే చెట్టు.

ఒకే చెట్టు, రెండు బతుకులు

ధౌకు తెలుగునాట దగ్గరి చుట్టం ఉంది: చిరుమాను. నల్లమలలో తిరిగినవాళ్లకు తెలిసిన చెట్టే. ధౌ దానికి తమ్ముడి వరస. చిన్న చిన్న ఆకులు, కిందికి వాలిన కొమ్మలు. చలికాలంలో ఆకు రాలబోయే ముందు కొండంతా రాగి రంగుకు తిరుగుతుంది. విత్తనం నుంచి మొలవడం దీనికి చాలా అరుదు. వేళ్ల నుంచి పిలకలు వేసి, ఆ పిలకలతోనే రాతి నెర్రెల్లో పాకుతుంది. అందుకే ఒకసారి పోయిన ధౌ అడవిని నాటి తెచ్చుకోవడం చాలా కష్టం.

లోయకు రాకముందు, ఊరి బయట గుట్ట మీద నేలకు కరుచుకుని దుప్పటి పరిచినట్టున్న పొద ఒకటి చూశాం. ఎత్తు మోకాలికి మించలేదు. అదీ ధౌయే అన్నారు మాస్టారు. మేకలు చిగురు మేసిన చోట ఆ చెట్టు పైకి లేవదు, పక్కలకు పాకుతుంది. ఏళ్ల తరబడి అలాగే బతుకుతుంది. మేత ఆపేస్తే లేచి చెట్టవుతుంది. లోయ లోపల అదే ధౌ తలెత్తి చూడాల్సినంత ఉంది. మధ్యలో కంచె లేదు, గోడ లేదు. ఉన్నది ఒక నమ్మకం.

ఈ వనం గుదరియా దాస్ బాబాది. ఎప్పుడో ఇక్కడి గుహలో తపస్సు చేసుకుని కనబడకుండా పోయిన సాధువని చెప్పుకుంటారు. మంగర్, బంధ్వారీ, బలియావాస్ ఊళ్ల గుజ్జర్లు తరతరాలుగా ఈ లోయలో పుల్ల విరవరు, మేకను వదలరు. విరిస్తే కీడు జరుగుతుందని నమ్మకం. మన ఊళ్లలో పోలేరమ్మ గుడి చుట్టూ ఉన్న చెట్టును ఎవరూ ముట్టుకోకపోవడం లాంటిదే. ఇలా దేవుడికి వదిలిన వనాన్ని ఇక్కడ 'బనీ' అంటారు.

నమ్మకం చెట్టును కాపాడింది గానీ, భూమి పత్రాన్ని కాపాడలేకపోయింది. 1970, 80 దశకాల్లో ఊరి ఉమ్మడి భూములు వ్యక్తుల పేర్ల మీదికి మారాయి. ఆ తర్వాత నగరం నుంచి కొనేవాళ్లు వచ్చారు. దేవుడి వనానికి సర్వే నంబర్లు వచ్చాయి. ఊరివాళ్లు, పర్యావరణ కార్యకర్తలు ఏళ్ల తరబడి పోరాడాక 2016లో హర్యానా ప్రభుత్వం 677 ఎకరాలను మంగర్ బనీగా గుర్తించి, చుట్టూ 1,132 ఎకరాలను కట్టడాలు కూడని మేరగా నిర్ణయించింది. 2021లో ఈ కొండల్లోని గుహల్లో పాతరాతి యుగపు పనిముట్లు, రంగు బొమ్మలు బయటపడ్డాయి. దేశ రాజధానికి అరగంట దూరంలో, ఆ యుగపు మనిషి తలదాచుకున్న రాతి చూరు అది. దాని పక్క గుట్టెక్కి చూస్తే గురుగ్రామ్ అద్దాల మేడలు కనిపిస్తాయి.

పరుపుబండ మీద కూర్చుని పులిహోర తిన్నాం. తమ్ముడు విస్తరి మడిచి సంచిలో పెట్టుకుంటూ, "ఇంత దగ్గర ఉందని ఎవరూ చెప్పలేదేంటి?" అన్నాడు.

"మనం ఎవరినైనా అడిగామా?" అన్నారు మాస్టారు.

రెండో ఆదివారం: అనంగ్‌పుర్

మంగర్‌లో నీరు కొట్టిన గండిని చూశాం. అలాంటి గండిని మనిషి మూసిన చోటు చూడాలంటే అనంగ్‌పుర్ వెళ్లాలి. ఫరీదాబాద్ జిల్లా, సూరజ్‌కుండ్‌కు రెండు మూడు కిలోమీటర్లు. ఏటా ఫిబ్రవరిలో జరిగే హస్తకళల మేళాకు సూరజ్‌కుండ్ వెళ్లని ఢిల్లీ తెలుగు కుటుంబం ఉండదు. కొండపల్లి బొమ్మలూ కలంకారీ చీరలూ కొనుక్కుని అటునుంచి అటే ఇంటికి వస్తాం. ఇంకో పది నిమిషాలు ముందుకు పోతే వెయ్యేళ్ల నాటి ఆనకట్ట ఉందని తెలియదు.

ఊరు దాటాక కంపచెట్ల మధ్య నుంచి కాలిబాట. సర్కారు తుమ్మ ముళ్లు చొక్కా పట్టుకుని లాగుతుంటాయి. ఈ చెట్టు ఇక్కడిది కాదు. కొత్త రాజధాని కడుతున్న రోజుల్లో బోడిగా ఉన్న కొండను త్వరగా పచ్చగా చేయాలని ఇంగ్లీషు దొరలు తెచ్చిన అమెరికా మొక్క. వచ్చింది, పెరిగింది, ధౌనూ మోదుగనూ పక్కకు నెట్టి కొండంతా ఆక్రమించింది.

రెండు గుట్టల మధ్య ఇరుకున ఒక్కసారిగా గోడ ఎదురవుతుంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. కొండ రాతినే దిమ్మెలుగా చెక్కి పేర్చారు. వెడల్పు సుమారు 50 మీటర్లు, ఎత్తు 7 మీటర్లు. నీటిని వదలడానికి తూములు, అడుగుకు దిగడానికి మెట్లు. తోమర రాజు అనంగ్‌పాలుడి పేరుతో ముడిపడిన కట్టడం ఇది; ఊరికి ఆ పేరు కూడా ఆయన వల్లే. కాకతీయులు పాకాల, రామప్ప చెరువులు కట్టకముందే, ఢిల్లీలో కుతుబ్ మినార్ లేవకముందే, ఇక్కడొకరు కొండవాగును చూసి ఎక్కడ ఇరుకుందో, ఎక్కడ అడ్డం వేస్తే తక్కువ రాయితో ఎక్కువ నీరు నిలుస్తుందో గుర్తించారు. ఓరుగల్లు రాజులకు తెలిసిన విద్యే. గండిని మూసే విద్య.

తమ్ముడు గోడ మీద అటూ ఇటూ నడిచి అన్నాడు: "అన్నా, డ్యాము ఉంది. చెరువేది?"

చెరువు లేదు. వాగు పైన తవ్వకాలు జరిగాయి, దారులు పడ్డాయి, ఇళ్లు లేచాయి. కట్ట చెక్కుచెదరలేదు. నీరే రావడం మానేసింది.

ఈ ఊరి కథ అనంగ్‌పాలుడితో మొదలు కాలేదు. అనంగ్‌పుర్ మెరక నేలల్లో పురావస్తు శాస్త్రవేత్తలకు వేల సంఖ్యలో రాతి గొడ్డళ్లు, గీకుడు రాళ్లు దొరికాయి. ఒకప్పుడు యమున ఈ గుట్టల పక్క నుంచి పారిన పాత జాడలూ ఇక్కడ ఉన్నాయి. నది తూర్పుకు జరిగిపోయింది. వాగులు మాత్రం కొండ నుంచి దిగి నదిని వెతుక్కుంటూ పోయేవి. ఢిల్లీ పాత ఊళ్లు చాలావరకు ఈ వాగుల దారుల మీదే కట్టుకున్నవి. 1321లో గియాసుద్దీన్ తుగ్లక్ తుగ్లకాబాద్ కోట మొదలుపెట్టినప్పుడు దక్షిణాన లోయకు అడ్డుకట్ట వేసి నీరు నిలిపాడు. ఆయన సమాధి ఆ నీటి నడుమే నిలిచేది, కోట నుంచి రాతి వంతెన మీదుగా వెళ్లాలి. కొడుకు ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఖిడ్కీ దగ్గర వాగుకు అడ్డంగా సాత్‌పులా కట్టించాడు. ఏడు కమానుల్లో తలుపులు ఎత్తుతూ దించుతూ పొలాలకు నీరు వదిలేవారు.

ఆ సాత్‌పులా కింది వాగు చిరాగ్ దిల్లీ మీదుగా పోయి బారాపులా నాలాలో, అక్కడి నుంచి యమునలో కలుస్తుంది. జహంగీర్ కాలంలో దాని మీద కట్టిన పదకొండు కమానుల రాతి వంతెన నిజాముద్దీన్ దగ్గర ఇప్పటికీ ఉంది. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఆ నాలా నెత్తిన ఎత్తయిన రోడ్డు వేశారు. రోజూ దాని మీద కార్లలో పోయే వేలమందికి కింద ఉన్నది మురికి కాలువ. ఆరావళి వాగు చివరి మజిలీ అదేనని ఎవరికీ గుర్తులేదు.

మూడో ఆదివారం: భట్టీ

తుగ్లకాబాద్ పక్కన, కర్ణీసింగ్ షూటింగ్ రేంజి దగ్గర అసోలా భట్టీ వన్యప్రాణి అభయారణ్యం ద్వారం ఉంది. 32.71 చదరపు కిలోమీటర్లు. లోపలికి అడుగుపెట్టగానే స్వాగతం చెప్పేది కోతులు. 2007లో హైకోర్టు ఆదేశంతో నగరంలో పట్టిన కోతులన్నిటినీ తెచ్చి ఇక్కడ వదులుతున్నారు. మాస్టారు అరటిపండు సంచిలోంచి తీసిన మరుక్షణం అది ఆయన చేతిలో లేదు.

ఇక్కడ నడుస్తుంటే మంగర్ గుర్తొచ్చే లోయలు కనబడతాయి. నిట్టనిలువు గోడలు, అడుగున నీలం నీరు. నీలీ ఝీల్ అని పేరు పెట్టారు. ఫొటోకు అందంగా ఉంటుంది. కానీ గోడను పరీక్షగా చూడండి. మంగర్‌లో నీరు అరగదీసిన రాయి అంచులు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. ఇక్కడ రాయి పదునుగా, ముక్కలు ముక్కలుగా తెగి ఉంది. ఇది పేలుడు మందు పని. దశాబ్దాల పాటు ఇక్కడ రాయి కొట్టారు, ఎర్ర ఇసుక తోడారు. ఢిల్లీ మేస్త్రీలు ఇప్పటికీ గచ్చు ఇసుకను 'బదర్‌పుర్' అంటారు. ఈ గుట్టల ఇసుకకు బదర్‌పుర్ ఊరి పేరు వచ్చింది. అంటే ఢిల్లీలో మనం అద్దెకున్న ఇళ్ల గోడల్లో ఈ కొండ ఉంది.

తవ్వినవాళ్లు ఓడ్‌లు. మట్టి పనిలో, రాతి పనిలో మన వడ్డెరలను పోలినవాళ్లు. గంగను నేలకు దించిన భగీరథుడి వంశం తమదని చెప్పుకుంటారు. ఇక్కడి వాళ్ల బస్తీకి భగీరథ్ నగర్ అన్న పేరు ఉంది. గనులు మూతపడ్డాక, 1991లో భట్టీని అసోలా అభయారణ్యంలో కలిపాక, పని పోయింది. పైగా అడవి భూమిలో ఉన్నారు ఖాళీ చేయమన్న ఒత్తిడి వచ్చింది. కొండను అమ్ముకున్నవాళ్లు వేరు, కూలికి తవ్వినవాళ్లు వేరు. శిక్ష మాత్రం ఎప్పుడూ రెండోవాళ్లకే పడుతుంది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఫరీదాబాద్ అడవి భూమిలోని ఖోరీ గ్రామంలో సుమారు పదివేల ఇళ్లు కూల్చారు. గుట్టల మీది విందు మందిరాల, ఫామ్‌హౌసుల జోలికి పోవడానికి ప్రభుత్వాలకు అంత తొందర ఎన్నడూ కలగలేదు.

హర్యానా వైపు తవ్వకాలను సుప్రీంకోర్టు 2002లో ఒకసారి, 2009 మే నెలలో ఫరీదాబాద్, గుడ్‌గావ్ (ఇప్పటి గురుగ్రామ్), మేవాత్ జిల్లాలంతటా మరోసారి ఆపింది. గుంతలు మిగిలాయి. కొన్నిటిలో ఊటనీరు చేరింది. భూగర్భ జలం బయటపడేంత లోతుగా తవ్వారన్నమాట. సూరజ్‌కుండ్ దగ్గర అలాంటి ఒక గుంతను జనం 'ఖూనీ ఝీల్' అంటారు. ఈతకు దిగి తిరిగి రాని కుర్రాళ్ల వల్ల వచ్చిన పేరు. అటు దగ్గర్లోనే ఒకప్పుడు పడవలు తిరిగిన బడ్‌ఖల్ చెరువు ఎండి, ఏళ్లకు ఏళ్లు పిల్లలు క్రికెట్ ఆడుకునే మైదానమైంది. ఇప్పుడు దాన్ని శుద్ధి చేసిన మురుగునీటితో నింపుతున్నారు. వాన వచ్చినా, వాగు రాకపోతే చెరువు నిండదు మరి.

అయినా భట్టీలో మాకు దిగులొక్కటే మిగల్లేదు. ప్రాదేశిక సైన్యం నాటిన చెట్లు గనుల గాయాల్ని కప్పుతున్నాయి. బాట పక్క బురదలో నీల్‌గాయ్ గిట్టల గుర్తులున్నాయి. చిరుతలు తిరుగుతున్నాయని అభయారణ్యంలో పెట్టిన కెమెరాలు తేల్చాయి. గురుగ్రామ్‌లో 380 ఎకరాలకు పైగా ఉన్న ఆరావళి జీవవైవిధ్య ఉద్యానమూ ఇలాంటి పాత గనుల నేలే. 2010 నుంచి ఊరిజనం, స్వచ్ఛంద కార్యకర్తలు సర్కారు తుమ్మ తీసేసి ధౌ, మోదుగ, ఇక్కడి గడ్డి జాతులు తెచ్చి నాటారు. మనిషి కొట్టిన గండి మానుతుంది. కానీ దానికి ఒక తరం పడుతుంది, అదీ కాపలా ఉంటే.

వంద మీటర్ల కొలత

2025 నవంబరు 20న ఆరావళి అంటే ఏమిటో సుప్రీంకోర్టు ఒక నిర్వచనాన్ని ఆమోదించింది. చుట్టుపక్కల నేల కంటే 100 మీటర్లు, ఆ పైన లేచిన దిబ్బే ఆరావళి కొండ. అలాంటివి రెండు 500 మీటర్ల లోపు ఉంటే ఆరావళి వరస. కేంద్ర పర్యావరణ శాఖ ఆధ్వర్యంలోని కమిటీ ఇచ్చిన కొలత అది. రాజస్థాన్‌లో 20 మీటర్లు దాటిన ఆరావళి కొండలు 12,081 ఉంటే, అందులో 100 మీటర్లు దాటినవి 1,048 మాత్రమేనని భారత అటవీ సర్వే లెక్కను పత్రికలు బయటపెట్టాయి. నూటికి తొమ్మిది కూడా లేవు. జనం రోడ్ల మీదికి వచ్చారు. డిసెంబరు 29న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి ఆ ఆదేశాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. నిపుణులతో మళ్లీ పరిశీలన జరగాలంది.

మూడు ఆదివారాలు నడిచిన కాళ్లతో చెబుతున్నాను: ఢిల్లీ, ఫరీదాబాద్‌ల చుట్టూ ఉన్న గుట్టల్లో చాలా వాటికి ఆ ఎత్తు లేదు. కానీ ఈ పొట్టి గుట్టలు చేసే పని చిన్నది కాదు. క్వార్ట్‌జైట్ నిండా నెర్రెలుంటాయి. కొండ మీద పడ్డ వాన ఆ నెర్రెల్లోంచి కిందికి ఇంకుతుంది. ఇంకగా మిగిలింది గండి పట్టుకుని వాగై దిగుతుంది. పక్కపక్కన ఉన్న రెండు గుట్టల్లో ఒకటి వంద మీటర్లుండి, రెండోది అరవై మీటర్లుంటే, రెండోదాన్ని తవ్వేశాక మధ్యలో ఉన్న గండి ఏమవుతుంది? గండికి రెండు గట్లు కావాలి. గురుశిఖరం కంటే ఖిడ్కీ ఊరికి నీళ్లిచ్చిన పేరులేని గుట్టలే ఢిల్లీకి ముఖ్యం. పడమటి నుంచి థార్ దుమ్ము రాకుండా అడ్డుకునేవీ ఇవే. 2023 మార్చిలో కేంద్రం గుజరాత్ నుంచి ఢిల్లీ దాకా 1,400 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పున పచ్చటి గోడ పెంచుతామని గురుగ్రామ్ జిల్లా టిక్లీ గ్రామంలో ప్రకటించింది. మంచిదే. దేవుడు కట్టిన గోడ ఒకటి ఉండగా, ముందు దాన్ని తవ్వకుండా ఉంటే ఇంకా మంచిది.

వెళ్లాలనుకునేవారికి

అక్టోబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా అనువైన కాలం. ఏప్రిల్ దాటితే రాయి నిప్పులా కాలుతుంది. వాన కురుస్తున్నప్పుడు వాగు అడుగున నడవొద్దు. పొడిగా కనబడే దారిలోకి పైనుంచి నీరు ఒక్కసారిగా దిగుతుంది.

అసోలా భట్టీకి ద్వారం దగ్గర టికెట్ తీసుకుని వెళ్లొచ్చు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నడిపే కేంద్రం ఉంది. పక్షులు, సీతాకోకచిలుకల నడకలు పెడుతుంటారు. పిల్లలతో వెళ్లేవారికి ఇదే మంచిది. అనంగ్‌పుర్‌కు, సూరజ్‌కుండ్‌కు వయొలెట్ లైన్ మెట్రోలో బదర్‌పుర్ వైపు వెళ్లి, దిగాక ఆటో పట్టాలి. మంగర్‌కు సొంత వాహనం తప్పదు. అక్కడ ఊరివారిని, అటవీ సిబ్బందిని అడిగి, వారు చూపిన బాటలోనే నడవండి.

మడమ పట్టి ఉంచే బూట్లు, నిండు చేతుల చొక్కా, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ముళ్ల మధ్య నిక్కర్లు పనికిరావు. ఎండ తగ్గేలోపే బయటికి వచ్చేయండి, చిరుతలున్న చోటు. ముగ్గురికి తగ్గకుండా వెళ్లండి. గనుల గుంతల్లో నీరు ఎంత నీలంగా ఉన్నా దిగొద్దు. అంచులు విరిగిపడతాయి, లోతు తెలియదు. కోతుల ముందు తిండి తీయొద్దు. మాస్టారి అరటిపండు సాక్షి.

మూడో ఆదివారం తిరిగొస్తుంటే బారాపులా రోడ్డు మీద కారు ఆగిపోయింది. ఎప్పటిలాగే రద్దీ. తమ్ముడు అద్దం దించి కిందికి చూశాడు. నల్లటి నీరు, నురగ.

"మాస్టారూ, మంగర్‌లో మనం కూర్చున్న వాగు కూడా ఇలాంటి చోటికే వస్తుందా?"

"అన్నీ చివరికి యమునకే నాయనా. దారి ఉంటే."

కడప జిల్లాలో నీరు కొండను చీల్చిన చోట మనవాళ్లు గుడి కట్టుకున్నారు. మంగర్ గుజ్జర్లు అలాంటి చోటును బాబాకు వదిలేశారు. భాష వేరైనా ఇంగితం ఒకటే. ఢిల్లీలో బతుకుతున్న తెలుగువాళ్లం ఈ ఊరి నీళ్లు తాగుతున్నాం, ఈ కొండ ఇసుకతో కట్టిన ఇళ్లలో ఉంటున్నాం. ఈ గుట్టల గురించి మాట్లాడటం మనకు సంబంధం లేని పని కాదు. వచ్చే శుక్రవారం కశ్మీరీ గేట్ వెళ్లకండి. ఆదివారం పొద్దున్నే పెరుగన్నం మూట కట్టుకుని మంగర్ వెళ్లండి. పిల్లల్ని తీసుకెళ్లి ధౌ చెట్టు చూపించండి. ఒక్క పుల్ల కూడా విరవకుండా తిరిగి రండి.